శుక్రవారం బోల్తా

ఫిబ్రవరి 9, 1998, సోమవారం

పదో తరగతి డి సెక్షన్ లెక్కలు నాకిచ్చారు. ఇచ్చారనడం మర్యాద. అంటగట్టారు. ఎ, బి సెక్షన్లు చెప్పేవాళ్ళంతా ఇండియన్ల పేట అయిన ఈ నార్త్‌డేల్‌లోనే పుట్టి, ఈ బళ్ళోనే చదివి, ఈ బళ్ళోనే పాఠాలు చెబుతున్న పాతకాపులు. నేను మూడేళ్ళ కిందట డాక్టరు మొగుడి వెంట అనకాపల్లి నుంచి వచ్చినదాన్ని. నాది ఏడాదికోసారి రాసుకునే కాంట్రాక్టు. కాదనడానికి నోరేదీ?

డి సెక్షన్‌లో అందరూ జూలూ పిల్లలే. ఈ ఏడాదే చేరారు. ఎడెండేల్ నుంచి కొందరు, ఇంకా లోపలి పల్లెల నుంచి కొందరు, రెండు షేర్ టాక్సీలు మారి వస్తారు. దేశం మారింది, తెల్లవాళ్ళ పాలన పోయింది, బళ్ళ గేట్లు అందరికీ తెరిచారు, మంచిదే. కానీ వీళ్ళకి మర్యాద నేర్పినవాళ్ళు లేరు. నా బల్ల దగ్గరికి పిలిస్తే వస్తారు, వచ్చీ రాగానే కూర్చుంటారు. కూర్చోమని నేను అనను. ఐనా కూర్చుంటారు. ఏదైనా అడిగితే కళ్ళు నేలకేసి దించుకుంటారు. మా చిన్నప్పుడు మాస్టారు వీధిలో ఎదురైతే సైకిలు దిగి నిలబడేవాళ్ళం.

సరే. నేనే నేర్పుతాను.

ఫిబ్రవరి 12, గురువారం

తాండేకా అనే పిల్లని పిలిచాను, సమీకరణం ఎక్కడ తప్పిందో చూపిద్దామని. వచ్చింది. నా కుర్చీ పక్కన చిన్న స్టూలు ఉంటే దాని మీద కూలబడింది.

"నేను కూర్చోమన్నానా?"

"లేదు మామ్."

"అయితే లే."

లేచింది. నా వైపు చూసి చెప్పమన్నాను. చూడలేదు. మళ్ళీ అన్నాను. గడ్డం ఇంకా కిందికి దిగింది. "చూసేదాకా ఇక్కడే నిలబడు" అన్నాను. గంట కొట్టేదాకా నిలబడింది. ఏడ్చిందనుకుంటాను, తల దించుకుంది కనుక సరిగ్గా కనబడలేదు.

బాగా అయింది. (బాగానే అయింది.)

ఫిబ్రవరి 13

తలనొప్పి. ఏమీ రాయను.

ఫిబ్రవరి 18, బుధవారం

లైబ్రరీ చూసే సావీ నన్ను చేయి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. సావీ అసలు పేరు సావిత్రి. ముత్తాత విశాఖపట్నంలో ఓడెక్కి చెరకు తోటల్లోకి వచ్చాడట. ఆమెకి తెలుగు అక్షరం రాదు. నోట్లో మాత్రం మా నాయనమ్మ మాటలు కొన్ని మిగిలాయి.

"ఏటక్కా, మొగం అలా పెట్టినావు? కూకో. టీ తాగు."

తలనొప్పన్నాను. డి సెక్షన్ అన్నాను.

"డి తలనొప్పికి నా దగ్గర మందు ఉంది, చూడు."

మందంటే లైబ్రరీ మూలనున్న కంప్యూటరు. ఎవరో దానమిచ్చారట. ఆఫీసు టెలిఫోన్ తీగకే దాన్ని తగిలించారు. అది కీచుకీచుమని మొదలెడితే ఆఫీసులో ఫోను మూగబోతుంది, క్లర్కు షర్లీ వరండాలోంచి కేకలు మొదలెడుతుంది. అందుకని బడి వదిలాక ఓ గంట మాత్రమే. అందులో ఈ రాష్ట్రంలోని టీచర్ల గుంపొకటి ఉందట. ఒకరు రాస్తే అందరికీ చేరుతుంది. నువ్వు కూడా చేరు అంది. నాకెందుకన్నాను. నా పేరు తనే కొట్టి చేర్చేసింది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

నవ్వాను. చాలా రోజులకి.

ఆ గుంపుకి ఒక ఆచారం ఉంది. శుక్రవారం శుక్రవారం ఎవరికి వాళ్ళు ఆ వారం క్లాసులో తాము ఎలా బోల్తా పడ్డారో రాసుకోవాలి. అన్నిటికన్నా ఘోరంగా పడినవాళ్ళకి 'విరిగిన సుద్దముక్క పతకం'. పతకమంటే ఏమీ లేదు, అందరూ కలిసి జేజేలు రాస్తారు. ఒకే ఒక్క నియమం. తన బోల్తా మాత్రమే రాయాలి, పిల్లల మీద చాడీలు చెప్పకూడదు. గుంపుకి పెద్ద ఇసిపింగోలో సైన్సు చెప్పే క్రిష్. ఏ ఉత్తరమైనా ముందు ఆయన చూసి, తర్వాతే అందరికీ వదులుతాడు.

ఈ వారం క్రిష్‌దే మొదటిది. ఇసిపింగోలో వాళ్ళ బడి నెత్తిమీంచే విమానాలు దిగుతాయి. ఆయన ధ్వని పాఠం చెబుతూ పిల్లల్ని కళ్ళు మూసుకోమని, శృతిదండాన్ని మోగించి, విన్నది రాయమన్నాడు. సరిగ్గా అప్పుడే విమానం దిగింది. క్లాసంతా బుద్ధిగా రాసింది, 'శృతిదండం విమానంలా మోగును, బల్లలు వణుకును' అని. వాళ్ళు విన్నదే రాశారు, మార్కులు వెయ్యక తప్పలేదు అన్నాడు.

రెండోది గ్రీన్‌వుడ్ పార్క్‌లో ఇంగ్లిషు చెప్పే పర్ల్ అనే ఆవిడది. కొత్త పద్ధతి ప్రకారం టీచరు పాఠం చెప్పకూడదు, పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టి చర్చ చేయించాలి. ఆవిడ జట్టు జట్టు దగ్గరా ఆగి, తల ఊపి, ఎంతో మురిసిపోయిందట. పీరియడ్ చివర్లో తెలిసింది, కిటికీ పక్కన జట్టు చర్చించింది ఆవిడ జుట్టుకి రంగు వేస్తుందా లేదా అని. ఓట్లు కూడా వేసుకున్నారట. "రంగు పార్టీ గెలిచింది. ఎన్నిక స్వేచ్ఛగా, న్యాయంగా జరిగింది" అని రాసింది.

నేను, సావీ నవ్వుతుంటే షర్లీ వచ్చి "ఫోను కావాలి, లైను వదలండి" అంది. తనూ చదివి, తనూ కూర్చుంది.

మార్చి 6, శుక్రవారం

ఊరికే చదువుతున్నాను. నాకు రాయడానికి ఏమీ లేదు. నేను బోల్తా పడే రకం కాదు. నాకు పడింది చెడ్డ క్లాసు, అంతే.

మార్చి 10, మంగళవారం

ప్రిన్సిపాల్ మిస్టర్ పదయాచీకి కాగితం మీద రాసి ఇచ్చాను. డి సెక్షన్‌కి కనీస గౌరవం లేదు, పెద్దల ముందు నిలబడరు, ముఖం చూడరు, ఈ స్థితిలో వాళ్ళకి లెక్కలు చెప్పడం సాధ్యం కాదు అని. ఎన్నడూ లేనిది, టీ తెప్పించాడు, బిస్కెట్లు పెట్టాడు. "మీరు రాసి ఇవ్వడం మంచిదైంది, మిసెస్ దేవి" అన్నాడు.

ఇంత మర్యాదగల మనిషనుకోలేదు.

మార్చి 13, శుక్రవారం

ఇవాళ నేనూ గుంపుకి రాశాను. మొహమాటం దేనికి, అందరూ టీచర్లేగా. డి సెక్షన్ గురించి ప్రిన్సిపాల్‌కి రాసిందే కాస్త హాస్యం చల్లి రాశాను. బాగానే వచ్చిందనుకున్నాను.

మార్చి 16, సోమవారం

క్రిష్ అది ఎవరికీ వదల్లేదు. నాకొక్కదానికే తిప్పి పంపాడు. "కమలాదేవిగారూ, స్వాగతం. ఇందులో పిల్లలు పడ్డారు గానీ మీరెక్కడా పడలేదు. మీరు పడ్డచోటు దొరికాక పంపండి, కాచుకుని ఉంటాం."

నేను పడ్డచోటట! ఎమ్మెస్సీ, బీఈడీ, పన్నెండేళ్ళ సర్వీసు. విమానాల కింద శృతిదండం మోగించేవాడు నాకు చెప్పొచ్చాడు.

ఆయనకి చెబితే, ఆయనంటే మా ఆయన మల్లికార్జునగారు, పేపరు దించకుండానే అన్నాడు, "ఏటే, ఆడలేక మద్దెల ఓడంటే పెద్దోళ్ళు ఊరికే అన్నారా?"

ఆయనతో మాట్లాడ్డం మానేశాను. ఆ పెట్టె జోలికి ఇక పోను.

మార్చి 20, శుక్రవారం

లైబ్రరీ పుస్తకం తిరిగివ్వడానికి వెళ్ళాను. ఎలాగూ వెళ్ళాను కదా అని చదివాను. ఊరికే.

మార్చి 28

ఉగాది. వేపపువ్వు దొరకలేదు. ఆయన కాకరకాయ వేద్దామన్నాడు. వేశాం. దాంతో మాటలు కలిశాయి.

ఏప్రిల్ 22, బుధవారం

స్టాఫ్ మీటింగు. వచ్చే టర్ము నుంచి డి సెక్షన్‌కి లెక్కలు తీసేసి బిజినెస్ ఎకనామిక్స్ ఇస్తారట. మే ఇరవై మూడున తల్లిదండ్రుల్ని పిలిచి సంతకాలు తీసుకుంటారు. మిస్టర్ పదయాచీ నా కాగితం చదివి వినిపించాడు. "ఇది నా మాట కాదు, ఆ క్లాసు టీచరుగారి మాట."

అందరూ నా వైపు చూశారు. కొందరు తల ఆడించారు. బి సెక్షన్ ఆయనైతే "ధైర్యంగా రాశారు" అన్నాడు.

తల మీంచి బండ దిగింది. నిజంగా దిగింది. వచ్చే టర్ము నుంచి నాకు ఎనిమిదో తరగతి ఇస్తారు. చిన్నపిల్లలు, లేవమంటే లేస్తారు.

దిగింది కానీ అన్నం ఎందుకో సహించలేదు.

ఏప్రిల్ 24, శుక్రవారం

సుద్దముక్క పతకం ఈ వారం గ్లాడిస్‌కి. జూలూ ఆవిడ, ఎక్కడో ఉత్తరాన కొండల్లో బడి. వారానికి రెండుసార్లు జిల్లా కేంద్రానికి వచ్చి అక్కడి కంప్యూటర్లో రాస్తుంది. ఎప్పుడూ రెండు లైన్లే రాసే మనిషి ఇవాళ చాలా రాసింది. ఈ వారం క్లాసులో ఏమీ పడలేదు కనుక తన మొట్టమొదటి బోల్తా చెబుతానంది.

ట్రెయినింగులో ఉండగా ఆమెని డర్బన్‌లో ఒక ఇండియన్ బడికి పంపారట. ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళింది. ఆయన కూర్చుని ఉన్నాడు. పెద్దాయన కూర్చుని ఉంటే ఆయన తలకన్నా తన తల ఎత్తులో ఉండడం తప్పని వాళ్ళమ్మ నేర్పింది. వెంటనే కుర్చీలో కూర్చుంది. ఆయనకి కోపం వచ్చింది. "నిన్నెవరు కూర్చోమన్నారు?" ఓహో, కుర్చీ మరీ ఎత్తుగా ఉందన్నమాట అనుకుని, దిగి నేలమీద కూర్చుంది. ఆయన లేచి నిలబడ్డాడు. పెద్దాయన లేచి నిలబడ్డాడే, ఇంకెంత తగ్గాలో అని ఆమె దాదాపు పడుకున్నంత పని చేసింది. అప్పుడాయన గుమాస్తాని కేకేశాడు, ఈ అమ్మాయికి ఫిట్స్ వచ్చాయని. మంచినీళ్ళు తెచ్చి మొహం మీద కొట్టారు. ఇంతలోనూ తను మర్యాద తప్పి ఆయన కళ్ళలోకి ఒక్కసారి కూడా చూడలేదు కనుక, స్పృహ లేదని నిర్ధారణ చేసుకున్నారు.

సావీ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "ఏటక్కా, నీకు నవ్వు రాలా?"

రాలేదు.

ఈ సంగతి గ్లాడిస్‌కి నా ఉత్తరం చూసిన క్రిష్ చెప్పి రాయించాడా? ఇద్దరికీ ఏం తెలుసో అడగను. అడిగితే ఏమంటారో తెలుసు.

ఏప్రిల్ 25

ఫిబ్రవరి పన్నెండు పేజీ తీసి చదివాను. బాగానే అయిందట.

ఏప్రిల్ 28, మంగళవారం

మిస్టర్ పదయాచీ దగ్గరికి వెళ్ళి నా కాగితం వెనక్కి ఇమ్మన్నాను. పొరపాటు పడ్డాను, అది అమర్యాద కాదు, వాళ్ళ పద్ధతిలో అదే మర్యాద అన్నాను. ఆయన నవ్వాడు. ఈసారి టీ లేదు.

"అది నాకూ తెలుసు, మిసెస్ దేవి. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను."

తెలిసీ నా కాగితం మీటింగులో చదివాడు.

"ఇది మర్యాద గురించి కాదు. రెండేళ్ళలో వీళ్ళు పన్నెండో తరగతి మెట్రిక్ రాస్తారు. లెక్కల్లో సగం మంది పోతారు. పేపర్లో అచ్చయ్యేది మన పాస్ శాతం. అది పడితే ఎ సెక్షన్ తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని వేరే బడికి పోతారు. మీ కాగితం లేకపోయినా ఈ పని చేసేవాణ్ణి. ఉంది కనుక సులువైంది."

"తల్లిదండ్రులు సంతకం పెట్టకపోతే?"

"పెడతారు. టీచరే చెప్పలేనంటోంది కదా."

తెలివైన మనిషి. నా కర్రతోనే నా పిల్లల్ని కొడుతున్నాడు. నా పిల్లలు అని రాశాను. సరే, ఉండనీ.

ఏప్రిల్ 30, గురువారం

తాండేకాని పిలిచాను. వచ్చి, స్టూలు పట్టుకుని నిలబడింది. కూర్చోమన్నాను. నిలబడాల్సింది నేనే అనిపించింది కానీ, నేను లేస్తే ఆ పిల్ల ఇంకేమైపోతుందో అని లేవలేదు.

ఫిబ్రవరిలో నేను చేసింది తప్పు, నాకు తెలీక చేశాను, తెలీకపోవడం కూడా నా తప్పే అన్నాను. ఇంగ్లిషులో ఇది చెప్పడం ఎంత కష్టమో. తెలుగులోనైనా ఎప్పుడూ చెప్పినదాన్ని కాదు.

ఆ పిల్ల నేలకేసి చూస్తూనే అంది, "మా నాన్న అప్పుడే చెప్పారు మామ్, ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి నిలబడితేనే గౌరవమని. రోజూ నిలబడాలనే అనుకుని వస్తాను. మీ దగ్గరికి రాగానే కాళ్ళు వంగిపోతాయి."

ఇద్దరం నవ్వాం. తర్వాత అడిగింది, "లెక్కలు తీసేస్తారటగా మామ్?"

"నీకు కావాలా లెక్కలు?"

కావాలంది. వాళ్ళ తాత ఊళ్ళో తెల్లదొరల కాలంలో లాక్కున్న భూమి తిరిగి అడుగుతున్నారట. కొలవడానికి సర్వేయర్లు వచ్చారు, మూడు కాళ్ళ దుర్భిణి పెట్టి. వాళ్ళలో ఒక్కరికీ జూలూ రాదు. ఊరివాళ్ళు ఇది మా హద్దు అని చెబుతుంటే తలూపి ఇంకోచోట రాళ్ళు పాతారు. "నేను సర్వేయర్నైతే అడిగి పాతుతాను" అంది.

పోయిన పరీక్షలో దానికి నూటికి ముప్పై ఒకటి. భిన్నాలే రావు. ఇంకా ఎన్ని మెట్లెక్కాలో దానికి తెలీదు, నాకు తెలుసు. అయినా ఎక్కిస్తాను. సర్వేయరు అవుతుందో లేదో తర్వాత సంగతి. ముందు దాని చేతిలోంచి లెక్కల పుస్తకం ఎవరూ లాక్కోకూడదు.

మే 8, శుక్రవారం

పడ్డచోటు దొరికిందని క్రిష్‌కి రాసి పంపాను. హాస్యం చల్లలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే అదే వచ్చింది.

'బడి మొత్తంలోకి మర్యాదైన క్లాసు నాకు దొరికింది. మర్యాద చేసినప్పుడల్లా తిట్టాను. వాళ్ళు ఇంకా వంగారు. నేను ఇంకా గట్టిగా తిట్టాను. ఇంకో టర్ము ఇలాగే గడిస్తే, పాపం, నేల తవ్వుకుని కూర్చునేవాళ్ళు. ఇంతలో వీళ్ళు గౌరవం లేనివాళ్ళని నేనే సర్టిఫికెట్ రాసిచ్చాను. దాన్ని పట్టుకుని వాళ్ళకి లెక్కలు తీసేస్తున్నారు, ఇరవై మూడున తల్లిదండ్రుల మీటింగు పెట్టి. నాదేమో ఏడాది కాంట్రాక్టు. గురివింద గింజకి తన నలుపు తెలీదని మా భాషలో సామెత. ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి.'

సావీ చదివి, ఏమీ అనకుండా నా టీలో చక్కెర ఇంకో చెంచా వేసింది.

మే 12, మంగళవారం

పతకం నాకే. పోటీ లేకుండా. కానీ జేజేల కింద అందరూ ఏదో ఒకటి రాశారు.

పర్ల్: 'ప్రిన్సిపాల్‌కి చెప్పి లాభం లేదు. మీటింగులో తల్లిదండ్రులకే చెప్పు. నేను జుట్టు రంగు గురించి నిజం ఒప్పుకున్నాకే క్లాసు నా చేతికొచ్చింది.'

క్రిష్: 'చెబితే నీ కాంట్రాక్టుకి ముప్పని తెలిసి చెప్పు. తెలీక చెప్పి తర్వాత నన్ను తిట్టొద్దు. డి సెక్షన్‌కి పనికొచ్చే లెక్కల పాఠాలు నా దగ్గరున్నవన్నీ పంపుతున్నాను. విమానాలు అక్కర్లేనివి.'

గ్లాడిస్: 'చెల్లీ, నవ్వుతారు. నవ్వనీ. ఒకసారి నవ్వాక ఆ కాగితానికి ఎవరూ భయపడరు.'

ఆమె నాకన్నా పెద్దదో చిన్నదో తెలీదు. చెల్లీ అంది, బాగుంది.

మే 14, గురువారం

ఆయనకి చెప్పాను, కాంట్రాక్టు పోవచ్చు అని. పేపరు దించాడు. అసలు దించాడంటేనే గొప్ప.

"పోతే ఏటౌద్ది? ఇద్దరికీ నా జీతం సరిపోద్ది. నువ్వు ఇంట్లో కూకుంటే మాత్రం నాను బతకలేను. ఎల్లి సెప్పు."

మే 15, శుక్రవారం

జూలూలో రెండు వాక్యాలు పంపమని గ్లాడిస్‌ని అడిగాను. పంపింది. తెలుగు లిపిలో రాసుకుని వంటింట్లో కంఠతా పడుతున్నాను. మొదటిది నమస్కారం. రెండోది 'నేను మీ పిల్లల్ని తప్పుగా అర్థం చేసుకున్నాను' అని. మధ్యలో నాలుకతో టక్కుమనిపించే శబ్దం ఒకటుంది. అది వచ్చినప్పుడల్లా ఆయన హాల్లోంచి "గుర్రాన్ని లోపలికి తోలకు" అంటాడు.

మే 22

రేపే. భయంగా ఉంది. అయినా చెబుతాను.

మే 23, శనివారం

బడి హాలు. నేననుకున్నదానికన్నా ఎక్కువమందే వచ్చారు. చర్చికి వెళ్ళేటప్పుడు కట్టుకునే మంచి బట్టల్లో వచ్చారు, బడి మీటింగుకి. పిల్లలు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. మిస్టర్ పదయాచీ ఇంగ్లిషులో చెప్పాడు. పిల్లల మంచికోసమే అన్నాడు, బిజినెస్ ఎకనామిక్స్ చదివితే ఉద్యోగాలన్నాడు, నా కాగితం మళ్ళీ చదివాడు. సంతకాల కాగితాలు వరసలవారీగా పంచారు. ముందు వరసలో ఒకావిడ సంచీలోంచి పెన్ను తీసింది.

నేను లేచి నిలబడ్డాను. "ఆ కాగితం రాసింది నేనే. దాని గురించి మాట్లాడాలి" అన్నాను. మిస్టర్ పదయాచీ "తర్వాత, మిసెస్ దేవి" అన్నాడు. తర్వాతంటే సంతకాలయ్యాక. నేను వేదిక ముందుకి వెళ్ళిపోయాను.

గ్లాడిస్ వాక్యాలు రెండూ చెప్పాను. వెనక ఒకామె పక్కావిడని ఏదో అడిగింది, పక్కావిడ పెదవి విరిచింది. నా జూలూ ఎవరికీ అర్థం కాలేదు.

అప్పుడు మధ్య వరసలోంచి కోటు వేసుకున్న ఒకాయన లేచి వచ్చాడు. "నేను ఇక్కడి కోర్టులో దుబాసీని. మీరు ఇంగ్లిషులో చెప్పండి, నేను జూలూలో చెబుతాను" అని, ప్రిన్సిపాల్ అనుమతి అడక్కుండానే నా పక్కన నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ముఖంలో ఏమీ లేదు.

చెప్పాను. ఆయన వాక్యం వెంట వాక్యం చెబుతున్నాడు. కాసేపటికి గమనించాను, ఆయన 'ఈవిడ అంటోంది' అనడం లేదు. 'నేను' అంటున్నాడు. గ్లాడిస్ నేర్పిన వాక్యంలోంచి ఆ ఒక్క ముక్క నాకు పట్టుబడింది. కోర్టులో పద్ధతి అదేనట, ముద్దాయి మాట ముద్దాయి నోటితోనే చెప్పాలి.

వాళ్ళు కూర్చుంటే తిట్టానన్నాను. తల వంచితే మొండితనమనుకున్నానన్నాను. నేల తవ్వుకుని కూర్చునేవాళ్ళన్న మాట దగ్గర ఒక ముసలావిడ ఫక్కున నవ్వింది. తర్వాత హాలంతా నవ్వింది. గోడ దగ్గర పిల్లలు కూడా. గ్లాడిస్ చెప్పింది నిజమే, ఆ నవ్వులో నా భయం సగం పోయింది.

"ఒక అమ్మాయిని గంట కొట్టేదాకా నిలబెట్టాను. ఏడిపించాను. ఆ అమ్మాయి పేరు తాండేకా."

ఆయన ఆగాడు. వాక్యం వెంట వాక్యం చెబుతున్న మనిషి అక్కడ ఒక్క క్షణం ఆగి చెప్పాడు. నవ్వు ఆగిపోయింది. హాల్లో చాలామంది నన్ను కాదు, ఆయన్ని చూస్తున్నారు. వెనక గోడ దగ్గర తాండేకా చేతులతో మొహం కప్పుకుంది. అప్పుడర్థమైంది నాకు. నేను ఆయన కూతుర్ని ఏడిపించానని, ఆయన 'నేను' అంటూ ఆయన నోటితోనే ఊరందరికీ చెబుతున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"వాళ్ళకి లెక్కలు చెప్పలేనని రాశాను. చెప్పలేకపోయింది నేను. వాళ్ళు వెనకబడి ఉన్నారు, అది నిజం. ముందుకి తెస్తాను. తీసెయ్యకండి." ఆయన అదీ చెప్పాడు.

మిస్టర్ పదయాచీ లేచాడు. "మిసెస్ దేవి మనసు మంచిది. కానీ లెక్కలు మనసుతో పాసవ్వవు. ఈ పిల్లలు మార్చి పరీక్ష తప్పారు. పరీక్ష తప్పినవాళ్ళని తేలికైన సబ్జెక్టుకి మార్చడం దయే."

దుబాసీ అది కూడా పొల్లుపోకుండా జూలూలో చెప్పాడు. చెప్పాక, నా పక్కనుంచి నాలుగడుగులు పక్కకి జరిగి నిలబడ్డాడు.

"ఇంతసేపూ దుబాసీగా మాట్లాడాను. ఇప్పుడు తాండేకా తండ్రిగా ఒక ప్రశ్న. నా పేరు ఖుమాలో."

ముందు జూలూలో అడిగాడు. తర్వాత ప్రిన్సిపాల్ వైపు తిరిగి ఇంగ్లిషులో అడిగాడు, ఎంతో నెమ్మదిగా, కోర్టులో అడిగినట్టే.

"ఈ టీచరు ఈ ఏడాది మొత్తంలోకి పెద్ద పరీక్ష తప్పింది. అందరి ముందూ ఒప్పుకుంది. ఆమెని ఏ సబ్జెక్టుకి మారుస్తున్నారు?"

ఎవరూ నవ్వలేదు. పెన్ను తీసిన ఆవిడ పెన్ను మళ్ళీ సంచీలో వేసుకుంది. సంతకాల కాగితాలు ఒక్కొక్కటే ముందుకొచ్చాయి, ఎలా ఇచ్చారో అలాగే, సంతకం చోటు తెల్లగా.

అందరూ వెళ్ళాక మిస్టర్ పదయాచీ గుమ్మం దగ్గర ఆపాడు. "రెండేళ్ళ తర్వాత శాతం పడితే ఆ బరువు ఎవరి మీదో తెలుసా?"

"నా మీదే. అప్పటిదాకా నన్ను ఉంచండి మరి" అన్నాను.

ఆలోచిస్తానన్నాడు. ఆలోచించనీ.

మే 25, సోమవారం

మొదటి పీరియడ్ డి సెక్షన్. క్రిష్ పంపిన భిన్నాల పాఠంతో మొదలెట్టి, చివర్లో చిన్న పరీక్ష పెట్టాను. చాలామంది తప్పారు. తాండేకా కూడా.

ఎవరినీ మార్చడం లేదు. రేపు మళ్ళీ మొదటి నుంచి చెబుతాను, ఇంకో రకంగా.